తలుపు పక్క కుర్చీ

మానసిక వైద్య విభాగంలో కొత్తగా చేరిన ఆక్యుపేషనల్ థెరపిస్టుకు జబ్బుల పేర్లకన్నా ముందు కుర్చీ ఎక్కడ వేసుకోవాలో నేర్పుతారు. తలుపుకు దగ్గరి కుర్చీ మనది, లోపలి కుర్చీ ఎదుటి మనిషిది. ఏదైనా గడబిడ జరిగితే మనం ముందు బయటపడాలి, బయటపడి మనుషులను పిలవాలి. ఈ పనిలోకి వస్తున్న మీరంతా ఈ మాట వినే ఉంటారు. విని తలూపి, మర్నాడే ఫ్యాను కింద చల్లగా ఉంటుందని లోపలి కుర్చీలో కూర్చునే ఉంటారు. నేను మాత్రం ఉద్యోగమంతా తలుపు పక్కనే కూర్చున్నాను. అలా కూర్చున్నందుకు భూపాలపల్లిలో ఒక మనిషి నన్నొక ప్రశ్న అడిగాడు. రిటైరై ఇంట్లో కూర్చున్నాక కూడా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు, అందుకే ఇది రాస్తున్నాను.

నాది లింగాల ఘనపూర్ పక్కన ఒక పల్లె. చదువయ్యాక జనగామలో స్థిరపడ్డాను. ఉద్యోగం జనగామలో మొదలై, మానుకోట మీదుగా తిరిగి, చివరికి భూపాలపల్లిలో ముగిసింది. నా పని ఏమిటో మా ఇంట్లోవాళ్ళకే సరిగ్గా తెలియదు. మనసు చెదిరిన మనిషికి మళ్ళీ స్నానం, వంట, చేతిపని, బజారుకు పోయి రావడం, కొలువుకు పోవడం అలవాటు చేయించడం నా పని. మా అత్తగారు మాత్రం పక్కింటివాళ్ళతో, "దవాఖానల పేషంట్లతోని పనులు చేయిస్తది, ఇంట్ల మాత్రం నాతోని చేయిస్తది" అని చెప్పేది. అందులో అబద్ధమేమీ లేదు.

కుర్చీ నియమాన్ని నేను తేలిగ్గా తీసుకోకపోవడానికి ఒక కారణం ఉంది. జనగామలో పనిచేసేటప్పుడు నా తోటి థెరపిస్టు ఒకామె వంట నేర్పుతూ పొయ్యికి, గోడకు మధ్య నిలబడిపోయింది. పేషంటు ఏదో వినబడ్డట్టు బెదిరి, కాగుతున్న నూనె మూకుడును తోసేసింది. మా ఆమెకు పక్కకు జరగడానికి జాగా లేదు. ముంజేతి మీద ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. ఆ తర్వాత మేమంతా చీర కొంగుకు పిన్ను పెట్టుకోవడం, మెడలో కార్డు తాడు తీసేయడం, ఇళ్ళకు వెళ్తే జంటగా వెళ్ళడం, వెళ్ళేముందు చెప్పి వెళ్ళడం బుద్ధిగా పాటించాం. కాబట్టి నియమాలను ఎగతాళి చేయడానికి నేను ఇది రాస్తున్నానని ఎవరూ అనుకోకండి.

భూపాలపల్లిలో మాది పొద్దున వచ్చి సాయంత్రం పోయే పేషంట్ల విభాగం. పాత భవనంలో ఒక గది ఇచ్చారు. దానికి ఒకటే తలుపు, ఊచలున్న ఒక కిటికీ, తల పైకెత్తితే దగ్గరగానే స్లాబు. బయట వరండా. నాకు తోడుగా ఒక అటెండరు ఉండేవాడు. మేమంతా ఆయన్ను భాయ్ అనేవాళ్ళం. పెద్ద మనిషి, ఇంట్లో మాట్లాడేది దక్కనీ ఉర్దూ, మాతో మా కన్నా చక్కటి తెలుగు. డాక్టరు కుర్రాడే గానీ నిదానస్తుడు. ఎవరి మీదా అరవగా చూడలేదు.

ఆ విభాగానికి బొగ్గు బాయిలో, అంటే గనిలో, పనిచేసే ఒక కార్మికుణ్ణి ఆయన భార్య వెంటబెట్టుకుని వచ్చింది. బాయిలో పైకప్పు కూలి ఆయన లోపల చిక్కుకుపోయాడు. తోటివాళ్ళు తవ్వి తీశారు. ఒంటి మీద చెప్పుకోదగ్గ దెబ్బ లేదు. కానీ అప్పటి నుంచి నిద్ర లేదు, ఏ గదిలోకీ పోడు, బస్సెక్కితే మెట్టు మీదే నిలబడతాడు. మళ్ళీ బాయి దిగడం ఎలాగూ కుదరదు. పైన, అంటే భూమి మీద చేసే పని ఏదైనా ఇస్తామని కంపెనీవాళ్ళు అన్నారు. అయితే ఈ మనిషి గదిలో కూర్చుని నిలకడగా పనిచేసుకోగలడని మా డాక్టరు చెప్పాలి. భార్యకు మా మీద ఉన్న ఆశంతా అదే.

మొదటి రోజు లోపలి కుర్చీ చూపించి, "కూసోరి అన్నా" అన్నాను.

ఆయన నా కుర్చీ వీపు మీద చెయ్యి పెట్టాడు. "నేను గీడ కూసుంట."

"అది నా కుర్చీ అన్నా."

"గట్లయితే నిలవడ్త."

అన్నట్టే గుమ్మంలో నిలబడ్డాడు. నేను తలుపు పక్క కుర్చీలో, ఆయన నా భుజం పక్కన గోడకు ఆనుకుని. కొన్నాళ్ళు అలాగే నడిచింది. గదిలోకి వచ్చినవాళ్ళకు ఆయన నాకు పెట్టిన కాపలా మనిషిలా కనబడేవాడు. ఆయన్ను లోపలికి ఎలా రప్పించాలన్నది ఒక సమస్య అయితే, నా కుర్చీయే ఎందుకు కావాలి అన్నది నాకు అంతకన్నా పెద్ద సమస్య. చిన్నప్పటి నుంచీ నాకు ఆరా తీసే జబ్బుంది. దానికి మందు లేదు.

ఒక రోజు ఎలాగో లోపలికి వచ్చి కూర్చున్నాడు. మా పద్ధతి ప్రకారం రెండో మనిషి గుమ్మంలో ఉండాలి. భాయ్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. కాసేపటికి ఆయన లేచాడు, ఒక్క ఊపున భాయ్‌ని నూకి వరండాలోకి పోయాడు. భాయ్ వెళ్ళి నీళ్ళ బకెట్ మీద పడ్డాడు. కొన్ని రోజుల తర్వాత మళ్ళీ అదే జరిగింది. ఈసారి భాయ్ మణికట్టు వాచింది. ఇక అందరూ ఆ మనిషికి "కొడతాడు" అనే పేరు పెట్టేశారు. ఆయన వస్తుంటే మిగతా పేషంట్ల ఇళ్ళవాళ్ళు పక్కకు జరిగేవాళ్ళు.

డాక్టరు నన్ను పిలిచి, "మేడం, ఇంకోసారి ఇట్ల అయితే హైదరాబాద్ పెద్ద దవాఖానకు పంపుడే. మన దగ్గర తాళం వేసే వార్డు లేదు. భాయ్‌కి ఏమన్న అయితే నేనేం జవాబు చెప్పాలె?" అన్నాడు. ఆయన మాటలో తప్పేమీ లేదు.

ఆ సంగతి తెలిసి భార్య వరండాలోనే కూలబడింది. "మేడం, తాళం ఏసిన వార్డుల ఉండి వచ్చిండంటే ఇగ బాయోళ్ళు పనికి పిలుస్తరా? ఆయన ఎవ్వలను కొట్టే మనిషి కాదు. పెండ్లయిన సంది నన్ను ఒక్క మాట అనలే" అని కొంగు నోట్లో కుక్కుకుంది. నిజంగా భయమేసింది, ఆ ఇంటి కోసం.

భాయ్ చెయ్యికి కట్టు కట్టుకుని కూర్చుంటే నేను పక్కన చేరి, "భాయ్, నూకేటప్పుడు ఏమన్నడు?" అని అడిగాను.

"ఏమనలే మేడం. నా మొఖం గూడ సూడలే. తలుపు రెక్కను నూకినట్టు నూకి పోయిండు."

"కోపం?"

"కోపమైతే నాకు తెల్వదా? కోపం కాదు. తర్వాత ఆ బకెట్ ఆయననే లేపి పెట్టిండు. పారిన నీళ్ళు గుడ్డతోని తుడిచిండు."

కొట్టే మనిషి బకెట్ ఎందుకు లేపి పెడతాడు? నీళ్ళు ఎందుకు తుడుస్తాడు? నాకు ఆ రాత్రి అన్నం సయించలేదంటే నమ్మండి. అది జాలి కాదు, ఆరా జబ్బు.

మర్నాడు డాక్టరుకు చెప్పి, భాయ్‌ని తోడు తీసుకుని వాళ్ళ క్వార్టరుకు పోయాను. పోయేసరికి ఆయన గడప మీద కూర్చుని అన్నం తింటున్నాడు. మంచం సగం లోపల, సగం బయట. భార్య దాన్ని దాటుకుని దాటుకుని తిరుగుతోంది.

"పండుకునుడు గూడ గీడనే మేడం. దోమలు పీక్కతింటున్నా లోపటికి రాడు. నీళ్ళ బిందె పట్టుకుని నేను రోజు గీ మంచం దుంకాలె," అంది. ఏడవాలో నవ్వాలో తెలియని మొహం ఆమెది.

నేను మెట్టు మీద, ఆయనకు ఎదురుగా కాకుండా కాస్త పక్కగా కూర్చున్నాను. బాయి సంగతి ఎత్తొద్దని దారంతా భాయ్ చెబుతూనే వచ్చాడు. నేను ఎత్తాను.

"అన్నా, బాయిల గూడ గిట్లనే తలుపు కాడ ఉంటరా?"

ఆయన మొదటిసారి నవ్వాడు. "బాయిల తలుపు ఏడుంటది మేడం?"

ఆ నవ్వుతో మాట మొదలైంది. బాంబు పేల్చి బొగ్గు రాలగొట్టాక ఎవరూ నేరుగా లోపలికి పోరట. ఒకడు కర్రో గడ్డపారో పట్టుకుని పైకప్పును కొట్టుకుంటూ పోతాడు. గట్టిగా ఉన్నచోట టంగుమంటుంది. వదులైన చోట చప్పుడు బోలుగా వస్తుంది. అలాంటి చోట ముందు ఆ పెచ్చును రాలగొట్టి, దిమ్మె పోటు, అంటే కప్పు కింద ఊతగా కట్టె దుంగ, పెట్టాకే మిగతా పని.

"మరి కొట్టేటోడు పైకి సూస్తుంటే ఆయనకు అవతల ఏం జరిగేది ఎట్ల తెలుస్తది?"

"గందుకే ఇంకొకడు ఉంటడు. పోటు పెట్టిన కప్పు కింద, బయిటి దిక్కు. లైటు పట్టి మొత్తం సూస్తుంటడు. పైన మంచిగుంటె మంచిగున్నదని ఒర్రుతడు. జర మట్టి రాలినా ఉరుకుమంటడు. వాని మాట మీదనే లోపటోని పానం."

"ఆనాడు ఏమైంది అన్నా?"

భార్య చేతిలో చెంబు అలాగే ఆగిపోయింది. ఆయన కంచం పక్కకు జరిపాడు.

"సర్దార్, గదే మా మీద పెద్ద, పిలిస్తే నా జతగాడు పోయిండు. గిప్పుడే వస్త, నువ్వు గూడ బయిటికి రా అన్నడు. పని అయిపోవచ్చిందని నేనే రాలే. వాడు పోయినంక నా ఎనుక కప్పు పడ్డది. లైటు ఉన్నది, గాలి ఉన్నది, నాకేం కాలే. కని ఒర్రితే ఎవ్వలు పలుకలే మేడం. బయిటి దిక్కు మనిషి లేడు."

తర్వాత ఆయన తల తిప్పి నన్ను చూశాడు.

"నువ్వు గూడ బయిటి దిక్కే కూసుంటవు గద. ఎవ్వరి కోసం సూస్తవు?"

నేను ఆ కుర్చీలో కూర్చోవడం మొదలుపెట్టి జీవితంలో సగం గడిచిపోయింది. ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు, నేనూ వేసుకోలేదు. అబద్ధం చెప్పడానికి మనసొప్పలేదు.

"నా కోసమే అన్నా. ఏమన్న అయితే నేను ముందు బయిటపడాలని మాకు నేర్పిన్రు."

ఆయన కోప్పడలేదు. "తప్పు లేదు. నీకు గూడ పిల్లలుంటరు. కని గట్లయితే నేను లోపటికి రాను," అని కంచం మళ్ళీ దగ్గరికి జరుపుకుని తినసాగాడు.

తిరుగు దారిలో భాయ్ చాలాసేపు తన మణికట్టు చూసుకున్నాడు. "మేడం, నేను నిలవడ్డది బయిటి దిక్కు కాదు. దారిల నిలవడ్డ. పెచ్చు పడి దారి బందైనట్టే గద ఆయనకు?" అన్నాడు. అదే మాట నా నోట్లోనూ ఉంది. బెదిరిన మనిషికి, తలుపుకు మధ్య నిలబడవద్దని మా పాఠాల్లో కూడా ఒక మూల ఉంటుంది. మన దారి చూసుకునే తొందరలో ఆ మూల ఎవరి కంటా పడదు.

డాక్టరు దగ్గరికి పోయి ఒక్క అవకాశం అడిగాను. నేను అడిగింది విని ఆయన కళ్ళజోడు తీశాడు.

"బూజు కర్ర ఇస్తరా? ఆయనకా?"

"ఇచ్చి, పైకప్పు కొట్టి సూసుకోనిచ్చి, మేము వరండాల ఉంటం సార్. కర్ర అందేంత దూరంల ఎవ్వరం ఉండం. గదిల ఆయన ఒక్కడే. ఆయన కర్ర బయిట పెట్టినంకనే నేను లోపలికి పోత."

"భాయ్?"

"గుమ్మంల కాదు, బయట కిటికీ దగ్గర ఉంటడు. తలుపు నుంచి బయటికి దారి ఖాళీగా ఉంటది."

చాలా ప్రశ్నలు వేశాడు. మంచి ప్రశ్నలే. చివరికి, "నేను గూడ వరండాల ఉంట. ఈసారి ఎవ్వరి మీద చెయ్యి పడ్డా పంపుడే, మీరు మళ్ళ అడగొద్దు" అన్నాడు. ఒప్పుకున్నాను.

ఎండలు ముదిరిన రోజులవి. ఆ పొద్దున నేను గదిలోంచి గట్టి వస్తువులన్నీ తీసేయించి, మందుల దుకాణానికి కావలసిన కాగితం కవర్లు చేసే సరంజామా మాత్రం ఉంచాను. చించిన పాత పేపర్లు, గిన్నెలో ఉడకబెట్టిన మైదా. కత్తెర లేదు. భార్య వరండా చివర స్తంభం పట్టుకుని నిలబడింది.

కర్ర చేతికిచ్చి, "జర పైన సూడు అన్నా" అని అందరం వెనక్కి జరిగాం.

ఆయన గుమ్మంలో ఆగాడు. చెయ్యి చాచి గుమ్మం పైన కొట్టాడు. విన్నాడు. ఒక అడుగు వేశాడు, మళ్ళీ కొట్టాడు. ఆ నడకలో తొందర లేదు, వణుకు లేదు. మా దగ్గరికి వచ్చినప్పటి నుంచి నేను చూడని మనిషి ఆయన. ఫ్యాను దగ్గరికి వచ్చేసరికి చప్పుడు మారింది. ఆయన గిర్రున వెనక్కి చూశాడు. పక్కన డాక్టరు ఒక అడుగు ముందుకు వేయబోయి ఆగాడు.

ఆయన మళ్ళీ కొట్టి, తల వంచి చూసి, "ఫ్యాను కొక్కెం," అన్నాడు కొంచెం సిగ్గుపడుతూ. భాయ్ కిటికీ దగ్గర పకపకా నవ్వాడు.

గది మొత్తం కొట్టి చూశాక ఆయన బయటికొచ్చి కర్రను గోడకు ఆనించాడు. తర్వాత ఎవరూ చెప్పకుండానే పోయి లోపలి కుర్చీలో కూర్చున్నాడు. నేను తలుపు పక్క కుర్చీని ఒక మూరెడు జరిపి, ఆయనకు గుమ్మం కనబడేలా వేసుకున్నాను.

కవర్లు మడుస్తున్నాం. ఆయన వేళ్ళు మైదాలో తడబడుతున్నాయి. నేను మధ్యమధ్యలో తల పైకెత్తి, "పైన మంచిగున్నది" అంటున్నాను. మొదట్లో నాకే నవ్వొచ్చింది. ఆయనకు రాలేదు. ప్రతిసారీ "ఊ" అన్నాడు.

బాగానే సాగుతోందని నేను సంతోషపడే లోపల గాలిదుమారం లేచింది. ఎండాకాలంలో ఆ ప్రాంతపు గాలి మీకు తెలుసు కదా, చెప్పి రాదు. తలుపు ధడేల్మని మూసుకుంది. గది చీకటైంది. ఆయన కుర్చీ వెనక్కి పడింది, మైదా గిన్నె కింద పడింది. ఆయన లేచి నిలబడి తలుపు వైపు చూస్తున్నాడు. నేను తలుపు పక్కనే ఉన్నాను.

మాకు నేర్పింది బయటికి వెళ్ళమనే. నా కాళ్ళు కూడా అదే చేయబోయాయి. లేచి తలుపు లాగాను. తెరుచుకుంది. కానీ వరండాలోకి పోలేదు, తలుపు రెక్కను వీపుతో గోడకు అదిమిపెట్టి పక్కకు ఒదిగి నిలబడ్డాను. దారి ఖాళీగా ఉంది.

"పైన మంచిగనే ఉన్నది అన్నా! గాలికి తలుపు పడ్డది. నేను బయిటి దిక్కే ఉన్న!" అని నా గొంతులో ఉన్నదంతా పెట్టి ఒర్రాను. నా గొంతు నాకే వింతగా వినబడింది.

ఆయన వచ్చాడు. పరుగెత్తలేదు. నా పక్క నుంచి, చొక్కా నాకు తగిలేంత దగ్గర నుంచి గుమ్మం దాటాడు. వరండాలో భాయ్ కిటికీ దగ్గర నుంచి వస్తున్నవాడు అక్కడే ఆగి, గోడకు అతుక్కుని దారి ఇచ్చాడు. ఆయన మెట్టు మీద కూర్చున్నాడు. ఒంటి మీద చెమట ధారలు. భార్య కదలబోతే డాక్టరు చేత్తోనే ఆపాడు.

కాసేపటికి ఆయన తల తిప్పి, "భాయ్, జర నీళ్ళిస్తవా?" అన్నాడు.

భాయ్ కట్టు కట్టిన చేత్తోనే గ్లాసు అందించాడు. ఆయన తాగి, ఆ కట్టును చూశాడు. "నాతోని అయ్యిందా గిది?" అన్నాడు. భాయ్, "బకెట్‌తోని అయ్యింది, నీతోని కాదు. పరేషాన్ గాకు" అన్నాడు. అప్పుడు ఆయన ఏడ్చాడు. భార్య కూడా స్తంభం వదిలి వచ్చి పక్కన కూర్చుంది. నేను తలుపు పట్టుకుని ఇంకా అలాగే నిలబడి ఉన్నానని డాక్టరు నవ్వేదాకా నాకు తెలియలేదు. నాకూ కళ్ళు నిండాయి.

ఆ మధ్యాహ్నమే ఆయన మళ్ళీ లోపలికి వచ్చి, ఒలికిన మైదా తుడిచి, మిగిలిన కవర్లు పూర్తిచేశాడు. హైదరాబాద్ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఆ తర్వాత కూడా చాలా రోజులు పట్టింది. ఒక రోజు బాగుంటే మరో రోజు గుమ్మం దగ్గరే ఆగిపోయేవాడు. చివరికి డాక్టరు చెప్పవలసింది చెప్పాడు. కంపెనీవాళ్ళు ఆయనకు లైట్ల గదిలో పని ఇచ్చారు. బాయి దిగేవాళ్ళకు టోపీ లైట్లు అందించడం, ఎక్కి వచ్చినవాళ్ళ దగ్గర తీసుకోవడం. షిఫ్టు అయ్యేసరికి ఏ లైటు తిరిగి రాలేదో ముందు తెలిసేది ఆయనకే. ఆ పని ఆయనకు ఎవరు ఎంచి ఇచ్చారో నాకు తెలియదు గానీ, నేను ఇచ్చినా అదే ఇచ్చేదాన్ని.

నా కుర్చీ గురించి మీరు అడుగుతారని తెలుసు. అది మారలేదు. రిటైరయ్యే దాకా తలుపు పక్కనే కూర్చున్నాను, మీరూ అక్కడే కూర్చోండి. కొంగుకు పిన్ను పెట్టుకోండి, కత్తెరలకు తాళం వేయండి. కాకపోతే ఆ తర్వాత నేను ఎప్పుడూ గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేయలేదు. కొత్త పేషంటు వస్తే, "నేను తలుపు కాడ ఎందుకు కూసుంటున్ననో తెలుసా?" అని ముందే చెప్పేదాన్ని. ఇద్దరి కోసం అని.

రిటైరైన రోజు ఆ గదిలోనే చిన్న సభ పెట్టారు. దండలు, సమోసాలు, మైకు లేని ఉపన్యాసాలు. గది నిండిపోయింది. షిఫ్టు దిగి ఆయన కూడా వచ్చాడు. గుమ్మంలో ఆగి, ఒకసారి పైకి చూసి లోపలికి వచ్చాడు. నేను అలవాటుగా తలుపు పక్క కుర్చీలో కూర్చోబోతుంటే ఆయన దాని వీపు మీద చెయ్యి పెట్టాడు, మొదటి రోజులాగే.

"ఇయ్యాల నువ్వు లోపటికి పో మేడం. గీడ నేనుంట."

అందరూ నవ్వారు. నేను పోయి లోపలి కుర్చీలో కూర్చున్నాను. ఇన్నేళ్ళలో అందులో నేను కూర్చోవడం అదే మొదటిసారి. అక్కడి నుంచి ఆ గది నాకు తెలిసిన గదిలా లేదు. స్లాబు నెత్తి మీదికి దిగినట్టుంది. తలుపు చాలా దూరంగా, చిన్నగా ఉంది. మధ్యలో అన్నీ మనుషుల మోకాళ్ళే. ఎంతమందిని ఇక్కడ కూర్చోబెట్టానో తలుచుకుంటే నా చేతులు ఒళ్ళో బిగుసుకున్నాయి.

ఆయన అది చూశాడు. కుర్చీని ఒక మూరెడు పక్కకు జరిపాడు. గుమ్మం, దాని అవతల వరండా, ఎండ నాకు కనబడ్డాయి.

తల పైకెత్తి చూసి, "పైన మంచిగున్నది మేడం," అన్నాడు.

"ఊ," అన్నాను.